ఇంటికి వచ్చే నర్సు: ఆ పని ఏమిటి, ఆ చదువు ఏమిటి?



పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మా ఆఫీసు గది ముందు బెంచీ ఖాళీగా ఉండదు. ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ బడికి పోవాలి, ఏ చదువుకు పని దొరుకుతుంది అని అడగడానికి తల్లిదండ్రులు వస్తారు. ఈసారి ఒక తండ్రి చేతిలో కరపత్రం పట్టుకొని వచ్చారు. "పదో తరగతి చాలు. ఆరు నెలల్లో నర్సు. ఇళ్లలో రోగులను చూసుకునే ఉద్యోగం గ్యారంటీ" అని అందులో ఉంది. "బెంగళూరులో ఈ పనికి మనుషులే దొరకడం లేదంట సార్. పాపను చేర్పిద్దామా?" అని అడిగారు. అడ్వాన్సు కట్టడానికి డబ్బు కూడా సిద్ధం చేసుకున్నారు. పక్కన నిలబడిన పాప మా బడిలో సైన్సులో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల.

ఆయనకు నేను ఒక్క మాటలో జవాబు చెప్పాను. పని మంచిదే, ఆ కరపత్రం చూపే దారి మంచిది కాదు. ఎందుకో వివరంగా చెప్పడానికి ఆ రోజు సమయం చాలలేదు. ఇదే ప్రశ్న ఇంకా చాలా ఇళ్లలో ఉంటుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఈ పనికి ఇంత గిరాకీ ఎందుకు?

మన హోసూరు చుట్టుపక్కల సంగతే చూడండి. పిల్లలు బెంగళూరులోనో, ఇంకా దూరంలోనో ఉద్యోగాలు చేస్తున్నారు. ఊళ్లో అవ్వ, తాత ఇద్దరే ఉంటారు. పక్షవాతం వచ్చినవారిని, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవారిని, కాన్సర్ ముదిరినవారిని ఆసుపత్రి కొన్నాళ్లు చూసుకొని ఇంటికి పంపిస్తుంది. అంతటితో రోగం అయిపోదు. పుండుకు కట్టు మార్చాలి, గొట్టం ద్వారా ఆహారం పెట్టాలి, మూత్రం సంచి చూసుకోవాలి, ఇన్సులిన్ వేయాలి. ఇవన్నీ నేర్చుకున్న చేతులు ఇంట్లో ఉండవు. ఆ చేతులే ఇంటికి వచ్చే నర్సు.

ఇది ప్రైవేటు ఏజెన్సీల సంగతి మాత్రమే కాదు. తమిళనాడు ప్రభుత్వం "మక్కళై తేడి మరుత్తువం", అంటే ప్రజల ఇంటికే వైద్యం, అనే పథకాన్ని 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. బీపీకి, షుగరుకు మందులు ఇంటికి తెచ్చి ఇవ్వడం, మంచం పట్టినవారికి ఫిజియోథెరపీ, నయం కాని జబ్బుతో బాధపడేవారికి ఉపశమన సేవ, ఇంట్లోనే డయాలిసిస్ చేసుకునేవారికి ద్రవం సంచులు ఇవన్నీ ఆ పథకంలో ఉన్నాయి. ఆ బృందాల్లో ఊళ్లలో తిరిగే మహిళా కార్యకర్తలు ఉన్నారు, చదువుకున్న నర్సులూ ఉన్నారు. ఇద్దరి పనీ అవసరమే. కానీ రెండూ ఒకటి కాదు. ఈ తేడా దగ్గరే చాలామంది మోసపోతున్నారు. నేనూ మోసపోయాను.

మా ఇంట్లో జరిగినది

కొన్నేళ్ల కిందట మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మింగడం కష్టమైంది, ముక్కు నుంచి గొట్టం వేసి ఇంటికి పంపారు. నేను బడికి పోవాలి, నా భార్యకు ఉద్యోగం. ఒక ఏజెన్సీకి ఫోను చేస్తే మరునాడే ఒక అమ్మాయిని పంపారు. తెల్లకోటు వేసుకొని వచ్చింది. "నర్సు" అన్నారు. మేము ఇంకేమీ అడగలేదు.

ఆ పిల్ల మంచిదే. ఒళ్లు దాచుకోకుండా చేసేది. కానీ ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు. అమ్మ నడుము కింద చర్మం ఎర్రబడితే పౌడరు వేసి రుద్దేది. అమ్మను వెల్లకిలా పడుకోబెట్టే గొట్టంలో జావ పోసేది. పది రోజులకు ఆ ఎర్ర మచ్చ పుండయింది. జావ పోసినప్పుడల్లా దగ్గు రావడం మొదలైంది. ఏజెన్సీకి ఫోను చేస్తే "ఇంకొకరిని పంపుతాం" అన్నారు, అంతే.

అప్పుడు మా బడి పాత విద్యార్థిని ఒకామె, బీయస్సీ నర్సింగ్ చదివి రిజిస్టర్ అయిన నర్సు, మా ఇంటికి వచ్చింది. వచ్చీరాగానే మంచం తలవైపు ఎత్తింది. గొట్టం సరైన చోట ఉందో లేదో చూసింది. పుండు ఎంత లోతుందో చూసి కొలత రాసుకుంది. డాక్టరుకు ఫోను చేసి చెప్పింది. ఆ తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి, రెండు గంటలకొకసారి అమ్మను పక్కకు తిప్పాలని, ఎర్రబడిన చోట రుద్దకూడదని, ఏ టైముకు ఏ పక్కకు తిప్పామో గోడ మీద కాగితంలో రాయాలని చెప్పింది. పుండు మానడానికి రెండు నెలల పైనే పట్టింది. మొదటి పది రోజుల్లో ఎవరైనా చూసి ఉంటే అది రాకుండానే పోయేది.

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. ఆమె పంతొమ్మిదేళ్ల పిల్ల. నర్సు అని పేరు పెట్టి పంపినవారిది తప్పు. "రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటమ్మా?" అని ఒక్క మాట అడగని నాదీ తప్పు. ఇప్పుడు మీ బిడ్డలను ఆ అమ్మాయి స్థానంలో నిలబెట్టుకొని ఆలోచించండి. చదువు లేకుండా పంపితే నష్టపోయేది రోగి ఒక్కరే కాదు. ఏదైనా జరిగితే ఆ ఇంట్లో ఒంటరిగా మాట పడేది మన బిడ్డే.

ఆసుపత్రి నర్సుకూ ఇంటి నర్సుకూ తేడా

ఆసుపత్రిలో నర్సుకు సందేహం వస్తే పక్కన సీనియర్ ఉంటారు, పిలిస్తే డాక్టరు వస్తారు. ఇంట్లో ఎవరూ ఉండరు. ఒక మంచం, ఒక రోగి, భయపడుతున్న కుటుంబం, తన చేతి సంచి, అంతే. రోగిలో వచ్చిన చిన్న మార్పు ప్రమాదమా కాదా, డాక్టరుకు ఇప్పుడే చెప్పాలా, రేపు చెప్పినా చాలునా, 108కి ఫోను చేయాలా అని తానే తేల్చుకోవాలి. అందుకే ఇంటి నర్సు పనికి తక్కువ చదువు చాలు అనుకోవడం తలకిందుల ఆలోచన. ఒంటరిగా నిర్ణయం తీసుకునేవారికి ఇంకా గట్టి చదువు, ఆసుపత్రి వార్డులో కొంతకాలం అనుభవం రెండూ కావాలి.

ఒక సందర్శన ఎలా జరుగుతుందో చెబుతాను. నర్సు వచ్చి మొదట సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. సంచి శుభ్రమైన చోట, కాగితమో గుడ్డో పరచి పెడుతుంది. బీపీ, నాడి, జ్వరం, శ్వాస, ఆక్సిజన్ శాతం చూసి రాస్తుంది. షుగరు ఉన్నవారికి వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తుంది. డాక్టరు రాసిన మందుల చీటీని, ఇంట్లో ఉన్న మందులను పక్కపక్కన పెట్టి సరిచూస్తుంది. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు మింగుతున్న పెద్దవారు మనం అనుకున్నదానికంటే ఎక్కువమంది ఉంటారు. తర్వాత కట్టు, ఇంజెక్షన్, గొట్టాల పని. చివరగా కుటుంబానికి నేర్పడం. ఈ నేర్పడం చిన్న పని కాదు. నర్సు ఉండేది ఒక గంట, మిగతా ఇరవై మూడు గంటలు చూసుకునేది ఇంట్లోవాళ్లే.

ఆమె నేర్పే విషయాల్లో కొన్ని ఇవి. ఇంట్లో మంచం పట్టినవారు ఉంటే మీకూ పనికొస్తాయి.

మంచంలో కదలలేనివారిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. నడుము కింద, మడమల దగ్గర, తుంటి దగ్గర, భుజాల వెనక రోజూ చర్మం చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీసినా తెల్లబడకపోతే పుండు మొదలవుతున్నట్టే. గాలి పరుపు ఉన్నా పక్క మార్చడం మానకూడదు.

గొట్టం ద్వారా ఆహారం పెట్టేటప్పుడు తలవైపు ఎత్తి ఉండాలి. పెట్టిన తర్వాత కనీసం అరగంట అలాగే ఉంచాలి. లేకపోతే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మూత్రం సంచి ఎప్పుడూ నడుముకన్నా కింద వేలాడాలి, కానీ నేలకు తగలకూడదు. పైకి ఎత్తితే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది.

విప్పని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వాడిన సూదులు చెత్తబుట్టలో వేయకండి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టండి. చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకునేది ఆ సూదే.

తెలుగు ఇక్కడ ఒక పనిముట్టు

తెలుగు మీడియంలో చదివితే నర్సింగ్ కష్టమా అని చాలామంది అడుగుతారు. నర్సింగ్ పుస్తకాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, మొదటి ఏడు కష్టపడాలి. ఆ మాట దాచను. కానీ క్లోమం ఏం చేస్తుందో, ధమనికీ సిరకూ తేడా ఏమిటో అర్థం చేసుకొని చదివిన పిల్లకు "పాంక్రియాస్" అనేది ఒక కొత్త పేరు మాత్రమే, కొత్త పాఠం కాదు. అర్థం కాకుండా బట్టీ పట్టిన పిల్లకే అది కొత్త పాఠం.

ఇంకో సంగతి ఉంది. పెద్దవయసులో, జబ్బులో మనిషి మాట్లాడేది ఇంటి భాషే. మా అమ్మ అంగడిలో తమిళం, కన్నడం రెండూ మాట్లాడేది. జబ్బు పడ్డాక తెలుగు తప్ప ఇంకోటి రాలేదు. మొదట వచ్చిన అమ్మాయికి తెలుగు రాదు. నొప్పి ఎక్కడో, ఎలాంటిదో ఆమె అడగలేకపోయింది, అమ్మ చెప్పలేకపోయింది. మా పాత విద్యార్థిని వచ్చి "అవ్వా, యాడ నొస్తా ఉంది? మంటగా ఉందా, పోటుగా ఉందా?" అని అడిగింది. అమ్మ తడబడుతూ "సలుపు" అంది. ఆ ఒక్క మాటతో నర్సు కట్టు విప్పి చూసింది. పుండు అంచున చీము పట్టడం మొదలైంది.

సలుపు, పోటు, మంట, తిమ్మిరి, గుంజడం, పీకడం ఇవన్నీ నొప్పులే, కానీ ఒక్కొక్కటీ వేరు. "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమట" అని షుగరు మందులు వాడే అవ్వ అంటే, ఆ మాటలు తెలిసిన నర్సు వెంటనే రక్తంలో షుగరు చూస్తుంది. 70 కన్నా తక్కువుంటే, రోగికి తెలివి ఉండి మింగగలిగితే, చక్కెర నీళ్లు ఇస్తుంది. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయదు, ఆంబులెన్సు పిలుస్తుంది. మన పిల్లలకు తెలుగు ఇంట్లో వస్తుంది, తమిళం బడిలోనూ బజారులోనూ వస్తుంది, కన్నడం సరిహద్దు ఊళ్లలో చెవిన పడుతుంది, ఇంగ్లీషు చదువులో వస్తుంది. నాలుగు భాషల్లో "ఎక్కడ నొప్పి?" అని అడగగల నర్సు హోసూరులోనైనా బెంగళూరులోనైనా ఎంత అవసరమో ఆలోచించండి.

సరైన దారులు ఏవి?

బీయస్సీ నర్సింగ్: నాలుగేళ్లు. పన్నెండో తరగతిలో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. భారత నర్సింగ్ మండలి నిబంధన ప్రకారం సైన్సు సబ్జెక్టుల్లో మొత్తం మీద 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 40 శాతం. వయసు 17 నిండాలి. మగపిల్లలూ చేరవచ్చు. సీట్ల భర్తీ పద్ధతి ఏటి ప్రకటనలో వస్తుంది, తప్పకుండా ఆ ఏటి ప్రకటనే చూసుకోండి.

జీఎన్‌ఎం: మూడేళ్ల డిప్లొమా. పన్నెండో తరగతి 40 శాతం మార్కులతో, ఇంగ్లీషుతో పాసవ్వాలి. ఇతర గ్రూపులవారికి మండలి నిబంధనల్లో దారి ఉన్నా సైన్సు చదివినవారికే ప్రాధాన్యం.

ఏఎన్‌ఎం: రెండేళ్లు. పన్నెండో తరగతి తర్వాత ఆడపిల్లలకు. తల్లీబిడ్డల ఆరోగ్యం, టీకాల పని ఇందులో ముఖ్యం.

ఈ మూడు చదువులకూ చివర రాష్ట్ర నర్సింగ్ మండలిలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. మనకు అది చెన్నైలోని తమిళనాడు నర్సుల, మిడ్‌వైఫ్‌ల మండలి. ఇక్కడ చదివి బెంగళూరులో పనిచేయాలంటే కర్ణాటక మండలిలో కూడా నమోదు చేసుకోవాలి. ఏ కాలేజీలో చేరేముందైనా రాష్ట్ర మండలి గుర్తింపు ఉందా, భారత నర్సింగ్ మండలి జాబితాలో పేరు ఉందా అని వాళ్ల సైట్లలో మీరే చూడండి. కాలేజీవాళ్లు చూపించే ఫోటోకాపీ మీద నమ్మకం పెట్టుకోకండి.

పదకొండులో కొన్ని బళ్లలో నర్సింగ్ అనే వృత్తివిద్యా గ్రూపు ఉంది. అది చదివినంత మాత్రాన నర్సు రిజిస్ట్రేషన్ రాదు. బీయస్సీ నర్సింగ్ కావాలనుకునే పిల్లలు బయాలజీ ఉన్న సైన్సు గ్రూపు తీసుకోండి. ఈ ఒక్క నిర్ణయం ఇప్పుడు, ఈ నెలలోనే జరగాలి. తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.

మరి ఆ ఆరు నెలల చదువు?

కొన్ని నెలల శిక్షణతో గృహ ఆరోగ్య సహాయకులు, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే కోర్సులు ఉన్నాయి. ప్రభుత్వ నైపుణ్య శిక్షణ కింద కూడా నడుస్తాయి. స్నానం చేయించడం, తినిపించడం, నడిపించడం, పక్క మార్చడం, జ్వరం చూడడం నేర్పుతారు. గౌరవమైన పని, దాన్ని నేను చిన్నచూపు చూడను. పై చదువుకు వీలు లేని ఇంటికి అది ఆధారం కావచ్చు. కానీ అది సహాయకురాలి పని. ఇంజెక్షన్లు వేయడం, గొట్టాలు అమర్చడం, లోతైన పుండ్లకు కట్టు కట్టడం ఆమె పని కాదు. ఆ కోర్సుకు "నర్సు" అని పేరు పెట్టి డబ్బు తీసుకుంటే, అక్కడే అది మోసం. ఏజెన్సీ మీ బిడ్డను నర్సు అని చెప్పి పంపితే, చేయరాని పని చేయమంటే, "నాకు ఆ శిక్షణ లేదు" అని చెప్పే ధైర్యం మనమే నేర్పాలి.

ఆడపిల్లను ఒంటరిగా ఇంకొకరి ఇంటికి పంపడమా?

ఇది న్యాయమైన భయం. చేరేముందు ఏజెన్సీని ఇవి అడగండి. మొదటి రోజు సూపర్‌వైజరు వెంట వస్తారా? పని గంటలు ఎన్ని, రాత్రి ఉండాలా, ఉంటే పడుకోవడానికి వేరే గది ఉందా? జీతం నేరుగా బ్యాంకులో పడుతుందా? సర్టిఫికెట్ల అసలు ప్రతులు వాళ్ల దగ్గర పెట్టమంటారా? అలా అడిగితే ఇవ్వకండి. వంట, బట్టలు ఉతకడం నర్సు పని కాదని ఒప్పందంలో రాశారా? వెళ్లే ఇంటి చిరునామా, ఫోను నంబరు మన ఇంట్లో ఉండాలి.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ఇళ్లను కూడా పనిచేసే చోటుగానే లెక్కిస్తుంది. ఆఫీసు కాదు కదా, ఇల్లు కదా అని ఎవరైనా అంటే అది నిజం కాదు. ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లా స్థాయిలో కమిటీ ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

చివరగా

ఆ తండ్రి అడ్వాన్సు కట్టడం ఆపారు. పాపకు పదకొండులో సైన్సు గ్రూపు కోసం దరఖాస్తు పెడుతున్నారు. నాలుగేళ్ల చదువు ఖర్చు ఎలా అన్నది ఆయన ముందున్న పెద్ద ప్రశ్న, నేను దాన్ని తేలిక చేయను. స్కాలర్‌షిప్పులకు, ప్రభుత్వ సాయానికి మీ బిడ్డ అర్హత ఏమిటో ఆఫీసులో చూసి చెబుతాం. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. మైనారిటీ భాషలో చదివిన రికార్డు, మార్కుల పట్టిక, బదిలీ పత్రం జాగ్రత్త.

ఏ కోర్సు కరపత్రం మీ చేతికి వచ్చినా, డబ్బు కట్టకముందు ఒకసారి నా గదికి తీసుకురండి. బడి పనిదినాల్లో సాయంత్రం 4 గంటల తర్వాత ఉంటాను. ఇద్దరం కూర్చొని మండలి జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూద్దాం. పది నిమిషాల పని. మా ఇంట్లో ఆ పది నిమిషాలు నేను వెచ్చించలేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు